ఫోన్‌కు దొరికే ప్రింటర్ ల్యాప్‌టాప్‌కు ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసిన ప్రింటర్, రౌటర్ మార్చిన నాటి నుంచి మొరాయిస్తోంది. మొదట ఒక రోజంతా కొత్త వైఫై పేరు ప్రింటర్‌కు కనిపించనే లేదు. మా తమ్ముడు వచ్చి రౌటర్‌లో ఏదో మార్చిన తర్వాత కలిసింది. ఇప్పుడు ఫోన్ నుంచి ఎప్పుడు ఇచ్చినా ప్రింట్ వస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి మాత్రం రెండు మూడు రోజులు బాగానే వచ్చి, ఆ తర్వాత ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. ప్రింటర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఇంకో రెండు రోజులు నడుస్తుంది. అలా చేసి చేసి ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు ఒకే పేరుతో నాలుగు ప్రింటర్లు కనిపిస్తున్నాయి. రాత్రిపూట రౌటర్‌ను, పని లేనప్పుడు ప్రింటర్‌ను ఆపేస్తుంటాం. ప్రింటర్ పాడైందంటారా, కొత్తది కొనాలా? మా చెల్లెలు కూడా ఈ మధ్యే ఒక ప్రింటర్ కొన్నది. దాన్ని మొదటి నుంచే సరిగా కలపాలంటే ఏం చేయాలో కూడా చెప్పండి.

సమాధానం: మీ ప్రింటర్ పాడు కాలేదు, దయచేసి కొత్తది కొనకండి. ఫోన్ నుంచి ఎప్పుడు ఇచ్చినా ప్రింట్ వస్తుందని మీరు రాసిన ఒక్క వాక్యంతోనే ప్రింటర్ బాగుందనీ, అది వైఫైకి సరిగానే కలిసి ఉందనీ తేలిపోయింది. రౌటర్‌నూ ప్రింటర్‌నూ తరచూ ఆపేస్తుంటామని రాసిన వాక్యం, ల్యాప్‌టాప్ ఎందుకు తడబడుతోందో కూడా దాదాపుగా చెప్పేసింది. ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. చాలా ఉత్తరాల్లో ‘ప్రింటర్ పనిచేయడం లేదు’ అన్న మాట తప్ప మరేమీ ఉండదు.

ప్రింటర్ వైఫైకి కలవడం ఒక పని, ల్యాప్‌టాప్ ఆ ప్రింటర్‌ను వెతికి పట్టుకోవడం ఇంకొక పని. రెండూ జరిగితేనే కాగితం బయటికి వస్తుంది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లనే, చెడిపోయినది ఒకటైతే మనం మరొకదాన్ని పదేపదే బాగుచేస్తూ కూర్చుంటాం. మీ ఇంట్లో మొదటి పని, అంటే ప్రింటర్ వైఫైకి కలవడం, మీ తమ్ముడి చేతి మీదుగా పూర్తయింది. ఇప్పుడు వస్తున్న చిక్కంతా రెండవదానిలోనే ఉంది.

వైఫైకి కలిసే ప్రతి పరికరానికీ రౌటర్ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఇళ్లలో అది సాధారణంగా 192.168తో మొదలవుతుంది, ఉదాహరణకు 192.168.1.23. ఈ చిరునామాను రౌటర్ శాశ్వతంగా ఇవ్వదు, ఒక గడువుతో ఇస్తుంది. చాలా రౌటర్లలో ఆ గడువు ఒక రోజు. పరికరం నడుస్తూ ఉన్నంత కాలం గడువు పూర్తయ్యేలోపే పొడిగించుకుంటుంది కాబట్టి అంకె మారదు. ప్రింటర్‌ను మూడు రోజులు ఆపేసి ఉంచితే ఆ గడువు తీరిపోతుంది, ఈలోగా ఇంటికి వచ్చిన అతిథి ఫోన్‌కో, టీవీకో అదే అంకె దక్కవచ్చు. పైగా కొన్ని రౌటర్లు ఎవరికి ఏ అంకె ఇచ్చామన్న జాబితాను తాత్కాలికంగానే గుర్తుంచుకుంటాయి. రాత్రి ఆపి పొద్దున మళ్లీ వేస్తే ఆ జాబితా చెరిగిపోయి, ముందుగా అడిగిన పరికరానికి ముందున్న అంకె ఇచ్చుకుంటూ పోతాయి. నిన్న 23గా ఉన్న ప్రింటర్ ఈ రోజు 27 కావడం ఇలాగే జరుగుతుంది.

ఇప్పుడు ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ ఉన్న తేడా చూడండి. ఫోన్ నుంచి ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ అది ‘ఈ నెట్‌వర్క్‌లో ప్రింటర్లు ఎవరున్నారు?’ అని అందరికీ వినబడేలా అడుగుతుంది, ప్రింటర్ తన పేరూ అప్పటి చిరునామా చెబుతుంది. ఐఫోన్లలో 2010 నుంచి ఉన్న ఎయిర్‌ప్రింట్ పద్ధతి ఇదే, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దాదాపు ఇంతే. ల్యాప్‌టాప్‌లో అలా కాకుండా, ఇన్‌స్టాల్ చేసిన రోజున ప్రింటర్‌కు ఏ చిరునామా ఉందో దాన్నే రాసి పెట్టుకోవడం తరచుగా జరుగుతుంది. తర్వాత అంకె మారినా ల్యాప్‌టాప్ పాత ఇంటి తలుపే తడుతుంది, అక్కడ ఎవరూ పలకకపోతే ‘ఆఫ్‌లైన్’ అంటుంది. మీరు మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ కొత్త చిరునామాతో కొత్త ప్రింటర్ ఒకటి చేరుతోంది. ఆ నాలుగు పేర్లలో మూడింటికి మూడు పాత చిరునామాలు ఉండి ఉంటాయి.

ఇది నా ఊహ మాత్రమేనా, నిజంగా మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనా అన్నది పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ముందుగా ప్రింటర్ చేత తన వివరాల కాగితాన్ని అచ్చు వేయించండి. తెర ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అన్న చోట ఇది ఉంటుంది. తెర లేనివాటిలో ఏదో ఒక బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి, లేదా రెండు బటన్లను కలిపి నొక్కాలి. ఏ బటన్లన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి దానితో వచ్చిన పుస్తకం చూడండి. ప్రింటర్ చిక్కు ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఈ కాగితమే. ఇన్‌స్టాల్ చేయడం, తీసేయడం, రౌటర్ ఆపి వేయడం అన్నీ దీని తర్వాతే చేయాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ప్రింటర్ ఏ వైఫైకి కలిసిందో, దాని చిరునామా ఏమిటో, సిగ్నల్ ఎంత బలంగా ఉందో, దాని మాక్ అడ్రస్ ఏమిటో ఆ ఒక్క కాగితం చెబుతుంది. ఈ చివరిది అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి, రెండేసి చొప్పున ఆరు జతలుగా ఉంటుంది; తయారైనప్పుడే దానికి ఇచ్చిన గుర్తింపు అది, వైఫై మారినా మారదు. దాని కింద గీత గీసి పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

కాగితం మీద ఐపీ అడ్రస్ అని ఉన్న అంకెలను ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, వెబ్‌సైట్ పేరు రాసే చోట ఉన్నవి ఉన్నట్లుగా టైపు చేసి ఎంటర్ నొక్కండి. నేటి ప్రింటర్లలో చాలావాటికి తమ సొంత పేజీ ఒకటి ఉంటుంది. ఇంకు ఎంత ఉందో, సెట్టింగ్స్ ఏమిటో చూపించే పేజీ తెరుచుకుంటే మీ ల్యాప్‌టాప్‌కూ ప్రింటర్‌కూ మధ్య దారి బాగుందన్నమాట. దోషం ల్యాప్‌టాప్ రాసి పెట్టుకున్న చిరునామాలోనే ఉంది. బ్రౌజర్ ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని హెచ్చరించవచ్చు. మీరు టైపు చేసినది మీ ఇంటి ప్రింటర్ చిరునామాయే కాబట్టి కంగారు పడకుండా ముందుకు వెళ్లవచ్చు.

అదే సమయంలో ల్యాప్‌టాప్ దగ్గరున్న పాత లెక్కను కూడా చూడండి. విండోస్‌లో ఆ నాలుగు ప్రింటర్లలో ఒకదాని ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ అన్న భాగంలోకి వెళితే, టిక్కు పెట్టి ఉన్న వరుసలో తరచుగా ఒక చిరునామా కనిపిస్తుంది. కాగితం మీద 192.168.1.27 అనీ అక్కడ 192.168.1.23 అనీ ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు.

దీనికి మందు రౌటర్‌లో ఉంది. ప్రింటర్ ఎప్పుడు వచ్చి అడిగినా అదే అంకె ఇవ్వమని రౌటర్‌కు ఒకసారి చెప్పి ఉంచాలి. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే అంకెలే రౌటర్ చిరునామా. చాలా ఇళ్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1. దాన్ని కూడా బ్రౌజర్‌లో టైపు చేసి, రౌటర్ మీద అంటించి ఉన్న పాస్‌వర్డ్‌తోనో, తర్వాత మీరు మార్చుకున్న దానితోనో లోపలికి వెళ్లండి. డీహెచ్‌సీపీ అన్న విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజ్ అనో, బైండింగ్ అనో ఒక చోటు ఉంటుంది. మీరు గీత గీసి పెట్టుకున్న ఆరు జతలను అక్కడ రాసి, పక్కన ప్రింటర్‌కు ఇవ్వదలచిన చిరునామా రాసి సేవ్ చేయండి. కలిసి ఉన్న పరికరాల జాబితా నుంచి ప్రింటర్‌ను ఎంచుకునే వీలు చాలా రౌటర్లలో ఉంటుంది, అప్పుడు టైపు చేసే శ్రమ కూడా తప్పుతుంది. తర్వాత ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేసి, కాగితాన్ని మరోసారి అచ్చు వేయించి, అంకె మీరు ఇచ్చినదే అని సరిచూసుకోండి.

ఇదే పనిని ప్రింటర్‌లో చేయవచ్చని, అంటే ప్రింటర్ సెట్టింగ్స్‌లోనే చిరునామాను చేత్తో రాసేయవచ్చని కొందరు చెబుతారు. నేను ఆ సలహా ఇవ్వను. ప్రింటర్ తనంతట తాను ఒక అంకె పట్టుకుని కూర్చున్న సంగతి రౌటర్‌కు తెలియదు కాబట్టి, అదే అంకెను మరో ఫోన్‌కు ఇచ్చేసే ప్రమాదం ఉంది. అప్పుడు రెండూ సరిగా పనిచేయవు. రేపు మళ్లీ రౌటర్ మారి, అది వేరే వరుసలో చిరునామాలు ఇచ్చేదైతే, ప్రింటర్ పాత అంకెతో ఎవరికీ అందకుండా ఉండిపోతుంది.

రౌటర్ పని పూర్తయ్యాక ల్యాప్‌టాప్‌లో ఉన్న నాలుగు ప్రింటర్లనూ తీసేయండి. ఆగిపోయిన ప్రింట్లు వరుసలో ఉంటే వాటిని ముందే రద్దు చేయండి, లేకపోతే తీసేయడానికి ఒప్పుకోదు. విండోస్ 11లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోకి వెళ్లి యాడ్ డివైస్ నొక్కి, కొద్ది క్షణాలు ఆగితే, చేత్తో చేర్చుకునే అవకాశం కింద కనిపిస్తుంది. దానిలో ఐపీ అడ్రస్ ద్వారా చేర్చడం అన్నదాన్ని ఎంచుకుని, పరికరం రకం దగ్గర టీసీపీ/ఐపీ డివైస్ అని పెట్టి, ప్రింటర్‌కు మీరు కేటాయించిన అంకెను రాయండి. యాపిల్ మ్యాక్ కంప్యూటర్ వాడేవారికి ప్రింటర్‌ను చేర్చే కిటికీలో ఐపీ అన్న భాగం విడిగా ఉంటుంది. ఇలా చేర్చాక కూడా, ప్రింట్ వస్తూనే ‘ఆఫ్‌లైన్’ అన్న మాట పోకపోతే, పోర్ట్స్ భాగంలో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి, ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అన్నచోట ఉన్న టిక్కు తీసేయండి. ప్రింటర్‌ను స్థితిగతులు అడిగే ఆ పద్ధతికి జవాబు రాకపోతే, ప్రింటర్ చక్కగా ఉన్నా విండోస్ దాన్ని లేనట్లే లెక్కిస్తుంది.

ఒకవేళ బ్రౌజర్‌లో ప్రింటర్ పేజీ తెరుచుకోకపోతే దారి ఎక్కడో తెగిందని అర్థం. అలాంటప్పుడు ప్రింటర్ కాగితం మీది చిరునామానూ ల్యాప్‌టాప్ చిరునామానూ పక్కపక్కన పెట్టి చూడండి. చుక్కలతో విడదీసిన నాలుగు భాగాల్లో మొదటి మూడు ఒకటిగా ఉండాలి. ఒకటి 192.168.1తో, మరొకటి 192.168.0తో మొదలైతే ఇంట్లో రెండు రౌటర్లు విడివిడిగా చిరునామాలు పంచుతున్నాయన్నమాట; ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పెట్టెకు తోడు మరో రౌటర్ కొనుక్కున్న ఇళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ప్రింటర్ చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ దానికి చిరునామాయే ఇవ్వలేదు, అది తనకు తానే ఒకటి పెట్టుకున్నది. అంకెలన్నీ సరిగానే ఉన్నాయంటే, ల్యాప్‌టాప్ అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైకి కలిసి ఉందేమో చూడండి. ఇంటర్నెట్ ఇచ్చి, ఇంట్లోని మిగతా పరికరాలను కనబడనివ్వకుండా చేయడమే దాని ఉద్దేశం. ఆఫీసు పని కోసం వీపీఎన్ వేసి ఉన్నా ఇలాగే జరగవచ్చు, ఆపి ప్రయత్నించండి.

ఇక మొదటి రోజు ప్రింటర్‌కు వైఫై పేరే కనిపించకపోవడం గురించి. మీ తమ్ముడు ఏం మార్చారో మీరు రాయలేదు గానీ, జరిగినది ఈ రెంటిలో ఒకటి అయి ఉండే అవకాశం ఎక్కువ. నేటి రౌటర్లలో చాలావి 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో, అంటే రెండు తరంగాల శ్రేణుల్లో, సిగ్నల్ పంపుతాయి. ఇళ్లలో వాడే ప్రింటర్లలో చాలావాటికి, ముఖ్యంగా కొన్నేళ్ల కిందటి వాటికి, 2.4 ఒక్కటే తెలుసు. రౌటర్‌లో 2.4 ఆపేసి ఉంటే ఆ ప్రింటర్ దృష్టిలో మీ వైఫై లేనట్లే. రెండవది భద్రతకు సంబంధించినది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతి ఒక్కటే పెట్టి ఉంటే, 2004 నాటి డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలిసిన పరికరాలు కలవలేవు. ఆ రెంటినీ ఒప్పుకునే మిశ్రమ పద్ధతి రౌటర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది పెట్టడం సరైన పని. మీ తమ్ముడు తొందరలో పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్ అనో, పాతబడిన డబ్ల్యూఈపీ అనో పెట్టి ఉంటే మాత్రం వెంటనే మార్చండి. ప్రింటర్ ఒక్కదాని కోసం ఇంటి వైఫై మొత్తాన్ని తలుపులు తెరిచి ఉంచకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

మీ చెల్లెలికి చెప్పవలసినది తక్కువే. తొలిసారి కలిపేటప్పుడు ప్రింటర్‌ను రౌటర్ ఉన్న గదిలోనే పెట్టమనండి. కలిశాక దాని చోటికి మార్చుకోవచ్చు. ఆ చోటు ఇనుప బీరువా పక్కనో, మైక్రోవేవ్ ఓవెన్ పక్కనో కాకుంటే మంచిది. మొదటిది సిగ్నల్‌ను అడ్డుకుంటుంది, రెండవది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి నడుస్తున్నంతసేపూ ప్రింటర్ వాడే బ్యాండ్‌లోనే అలజడి పెడుతుంది. ప్రింటర్ సంస్థ యాప్‌ను ఫోన్‌లో వేసుకుని, అది అడిగే లొకేషన్, బ్లూటూత్ అనుమతులు ఇవ్వాలి. సమీపంలోని వైఫైలనూ ప్రింటర్‌నూ వెతకడానికి చాలా ఫోన్లలో ఆ అనుమతులు కావాలి. మధ్యలో ఫోన్ కాసేపు ప్రింటర్ సొంత సిగ్నల్‌కు కలిసి, ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, వదిలేయమంటారా?’ అని అడగవచ్చు. చాలామంది ఇక్కడే వదిలేయమని నొక్కి, మళ్లీ మొదటికి వస్తారు. దానికే కలిసి ఉండమని చెప్పాలి. రౌటర్ పేరు రెండు బ్యాండ్లకూ ఒకటే అయి, యాప్ పదేపదే విఫలమవుతుంటే, రౌటర్‌లో 5ను కాసేపు ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ వేయడం సులువైన మార్గం.

పాస్‌వర్డ్‌ను ప్రింటర్ చిన్న తెర మీద టైపు చేయవలసి వస్తే ఓపికగా చేయమనండి. మా బంధువుల ఇంట్లో ఒకసారి గంటకు పైగా ప్రింటర్ కలవలేదు. వైఫై పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ రాయగానే నీలం లైటు వేగంగా మిణుకుమని ఆగిపోతోంది. చివరికి వివరాల కాగితం అచ్చు వేయిస్తే పాస్‌వర్డ్ తప్పని అందులో స్పష్టంగా ఉంది. రౌటర్ కింద అంటించిన కాగితం మీద ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరాన్ని మేమంతా ఒకటి అంకెగా చదువుతున్నాము. కొన్ని ఫాంట్లలో ఆ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఓ అక్షరం, సున్నా కూడా అంతే. అప్పటి నుంచి నేను ప్రింటర్‌లో రాసే ముందు అదే పాస్‌వర్డ్‌ను ఒక ఫోన్‌లో రాసి, కలుస్తుందో లేదో చూసుకుంటున్నాను.

రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ అనే బటన్ ఉంటే ఈ టైపు చేసే పని కూడా ఉండదు. దాన్ని నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీది వైర్‌లెస్ బటన్‌ను పుస్తకంలో చెప్పినట్లు నొక్కి పట్టుకుంటే రెండూ కలుస్తాయి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉన్నా, వైఫై పేరు కనబడకుండా దాచి ఉంచినా ఈ పద్ధతి పనిచేయదు. ఇందులోనే ఎనిమిది అంకెల పిన్‌తో కలిపే మరో విధానం ఉంది. దానిలోని బలహీనత 2011లోనే బయటపడింది కాబట్టి, ఆ పిన్ విధానాన్ని రౌటర్‌లో ఆపేయడం మంచిది. వైఫై డైరెక్ట్ అనే పేరు కూడా ఆమెకు కనిపిస్తుంది. రౌటర్ లేని చోట ఫోన్ నేరుగా ప్రింటర్‌కు కలవడానికి అది పనికొస్తుంది. ల్యాప్‌టాప్‌ను దానికి కలిపితే చాలాసార్లు ఇంటర్నెట్ పోతుంది కాబట్టి రోజువారీ వాడకానికి పెట్టుకోవద్దనండి.

కలిసిన రోజునే మీకు చెప్పినట్లు ప్రింటర్‌కు ఒక చిరునామా కేటాయించి, ప్రింటర్ సొంత పేజీకి ఒక పాస్‌వర్డ్ పెట్టమనండి. పాస్‌వర్డ్ లేకపోతే ఆ పేజీలోకి ఇంటి వైఫైలో ఉన్న ఎవరైనా వెళ్లి సెట్టింగ్స్ మార్చగలరు.

రాత్రిపూట రౌటర్ ఆపే అలవాటును మీరు మానుకోనవసరం లేదు. చిరునామా కేటాయించాక దాని వల్ల ల్యాప్‌టాప్ దారి తప్పదు. పొద్దున రౌటర్ వేసి, అది పూర్తిగా సిద్ధమయ్యేందుకు రెండు మూడు నిమిషాలు ఆగి, ఆ తర్వాత ప్రింటర్ వేయండి. మళ్లీ ఎప్పుడైనా రౌటర్ మార్చవలసి వస్తే, కొత్తదానికి పాత వైఫై పేరే, పాత పాస్‌వర్డే, ఒక్క అక్షరం తేడా లేకుండా పెట్టించుకోండి. భద్రతా పద్ధతి కూడా ప్రింటర్‌కు తెలిసినదే అయితే ప్రింటర్, ఫోన్లు, టీవీ అన్నీ తమంతట తామే కలుస్తాయి. చిరునామా కేటాయింపు ఒక్కటే కొత్త రౌటర్‌లో మళ్లీ చేయవలసి ఉంటుంది. గీత గీసిన ఆ కాగితాన్ని అందుకోసం దాచి ఉంచండి.